టేకాఫ్ తర్వాత ఎత్తు అనుమతి: ఒక్క అంకె తప్పితే గగనతలంలో ఏం జరుగుతుంది?

1996 నవంబరు 12, మంగళవారం సాయంత్రం 6 గంటల 32 నిమిషాలకు ఢిల్లీ ఇందిరాగాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నుంచి సౌదీ అరేబియా జాతీయ విమానయాన సంస్థకు చెందిన బోయింగ్ 747 బయల్దేరింది. ధహ్రాన్ మీదుగా జెద్దా చేరవలసిన ఆ విమానంలో సిబ్బందితో కలిపి 312 మంది ఉన్నారు. వారిలో ఎక్కువమంది పొట్ట చేతపట్టుకుని గల్ఫ్‌కు వెళుతున్న భారతీయులు; నేపాల్ వారూ కొందరున్నారు. ఆ విమానానికి ఢిల్లీ నియంత్రణ కేంద్రం అనుమతించిన ఎత్తు 14,000 అడుగులు. అదే దారిలో ఎదురుగా దిగివస్తున్న కజకిస్తాన్ విమానానికి అనుమతించిన ఎత్తు 15,000 అడుగులు. రెండింటి నడుమ ఉండవలసినది 1,000 అడుగుల నిలువు దూరం, అంటే సుమారు 300 మీటర్లు. ఎనిమిది నిమిషాలు గడిచేసరికి ఆ దూరం మిగలలేదు.

హర్యానాలోని చర్ఖీ దాద్రీ సమీపంలో రెండు విమానాలూ ఢీకొని 349 మంది మరణించారు. గగనతలంలో రెండు విమానాలు ఢీకొన్న ఘటనల్లో ఇంత ప్రాణనష్టం జరిగినది ప్రపంచంలో మరొకటి లేదు. ఇంజిన్ చెడలేదు, రెక్క విరగలేదు, తుఫాను లేదు. ఒక విమానం తనకిచ్చిన అంకె దగ్గర ఆగలేదు.

ఎత్తు అనుమతి అంటే ఏమిటి?

విమానం గేటు దగ్గర నుంచి కదలక ముందే పైలట్లకు నియంత్రణ కేంద్రం నుంచి ఒక అనుమతి అందుతుంది. గమ్యస్థానం, ప్రయాణమార్గం, రాడార్ తెరపై విమానాన్ని గుర్తించే నాలుగంకెల సంకేతం, టేకాఫ్ తర్వాత అనుసరించవలసిన నిర్ణీత నిష్క్రమణ మార్గం అందులో ఉంటాయి. ఈ మార్గాన్ని పైలట్లు వాడుకలో 'సిడ్' అంటారు. వీటితోపాటు ఉండే మరో ముఖ్యమైన అంశం తొలి ఎత్తు. అంటే విమానం నేల విడిచాక మళ్లీ చెప్పేదాకా దాటకూడని హద్దు. సాధారణంగా ఇది కొద్ది వేల అడుగులే. ఆ పైన దిగుతున్న విమానాల వరుస ఉండవచ్చు, పక్క విమానాశ్రయానికి వెళ్లే దారి ఉండవచ్చు, వాయుసేన అధీనంలోని గగనతలం ఉండవచ్చు.

విమానం లేచాక టవర్ నుంచి రాడార్ నియంత్రణాధికారి చేతికి బాధ్యత మారుతుంది. అక్కడి నుంచి ఎత్తు మెట్లుమెట్లుగా పెరుగుతుంది. ప్రతి మెట్టుకూ ఒక అంకె. అధికారి అంకె చెప్పాలి. పైలట్ దాన్ని పాఠం అప్పజెప్పినట్లు తిరిగి అప్పజెప్పాలి. అది సరిగా ఉందో లేదో అధికారి విని నిర్ధారించాలి. కాక్‌పిట్‌లో ఒక పైలట్ ఆ అంకెను ఆటోపైలట్ గడిలో తిప్పి పెడితే, రెండో పైలట్ దాన్ని వేలితో చూపి పైకి చదవాలి. గాలిలో ఎత్తును వందల అడుగుల లెక్కలో 'లెవెల్' అని చెబుతారు కాబట్టి 14,000 అడుగులు 'లెవెల్ 140' అవుతుంది.

అనుమతించిన ఎత్తును 300 అడుగులకు మించి తప్పితే దాన్ని ఉల్లంఘనగా పరిగణించాలని ఐరోపా విమాన నియంత్రణ సంస్థ యూరోకంట్రోల్ నిర్వచించింది. 300 అడుగులంటే ఆకాశంలో చాలా చిన్న దూరమనిపించవచ్చు. అయితే టేకాఫ్ తర్వాత జెట్ విమానం నిమిషానికి 2,500 అడుగుల వేగంతో ఎక్కుతుంటే, రెండు విమానాల మధ్య ఉండవలసిన ఆ 1,000 అడుగులు 24 సెకన్లలో కరిగిపోతాయి.

దాద్రీ మీద ఆ ఎనిమిది నిమిషాలు

అప్పట్లో ఢిల్లీ చుట్టూ ఉన్న గగనతలంలో అధికభాగం వాయుసేన అధీనంలో ఉండేది. పౌర విమానాలకు మిగిలిన ఇరుకుదారిలోనే వచ్చేవీ పోయేవీ ఎదురెదురుగా నడిచేవి. వాటిని వేరుచేసేది ఎత్తు ఒక్కటే. ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం మరొకటి ఉంది. ఆనాటి ఢిల్లీ రాడార్ విమానం ఎక్కడ ఉందో చూపేది గాని, ఎంత ఎత్తులో ఉందో చూపేది కాదు. విమానం పంపే సంకేతం ద్వారా ఎత్తును కూడా తెరపై చూపే ద్వితీయశ్రేణి రాడార్ అప్పటికి వినియోగంలోకి రాలేదు. కాబట్టి పైలట్ రేడియోలో ఏ ఎత్తు చెబితే ఆ ఎత్తునే నియంత్రణాధికారి నమ్మాలి.

కజకిస్తాన్‌లోని షిమ్‌కెంత్ నుంచి 37 మందితో వస్తున్న ఇల్యూషిన్ 76 విమానానికి, అది ఢిల్లీకి 74 నాటికల్ మైళ్ల దూరంలో ఉండగా, 15,000 అడుగులకు దిగేందుకు అనుమతి లభించింది. కొంతసేపటికి ఆ ఎత్తుకు చేరినట్లు సిబ్బంది తెలియజేశారు. నియంత్రణాధికారి వెంటనే ఎదురుగా సౌదీ విమానం వస్తున్న సంగతి, దాని దూరం, అది లెవెల్ 140లో ఉన్న విషయం చెప్పి, కంటికి కనిపిస్తే తెలపాలని కోరారు. మరోవైపు సౌదీ విమానం 14,000 అడుగులకు చేరువై ఇంకా పైకి వెళ్లేందుకు అనుమతి అడిగింది. అక్కడే ఉండాలని, తర్వాత చెబుతామని జవాబు వచ్చింది. లెవెల్ 140లోనే ఉంటామని సౌదీ పైలట్లు అప్పజెప్పారు. వారు ఆ మాటకు కట్టుబడే ఉన్నారు.

కజకిస్తాన్ విమానం మాత్రం 15,000 అడుగుల దగ్గర నిలవలేదు. 14,500 అడుగులు, ఆ తర్వాత 14,000 అడుగులు దాటి ఇంకా కిందికి జారింది. ఎందుకు జారిందన్న ప్రశ్నకు సమాధానం ఆ కాక్‌పిట్ ఏర్పాటులోనే ఉంది. సోవియట్ కాలపు పద్ధతి ప్రకారం అందులో ఐదుగురు సిబ్బంది ఉండేవారు. నేలతో ఇంగ్లీషులో మాట్లాడే పని రేడియో ఆపరేటర్‌ది. విమానం నడిపే పని పైలట్లది. ఆపరేటర్ ముందు ఎత్తు చూపే సొంత పరికరం లేదు; పైలట్ల భుజాల మీదుగా తొంగిచూసి తెలుసుకోవాలి. పైగా వారికి అలవాటైన లెక్క మీటర్లలో, ఢిల్లీ చెప్పేది అడుగుల్లో. విన్నవారు నడపలేదు, నడిపినవారు సరిగా వినలేదు. ఎదుటి విమానం ఎత్తుగా చెప్పిన 140 అంకెను తమకిచ్చిన అనుమతిగా భావించి ఉంటారన్నది విచారణలో బలంగా వినిపించిన వివరణ.

చివరి క్షణాల్లో రేడియో ఆపరేటరే పొరపాటును గమనించి, ఉండవలసినది లెవెల్ 150లో అని హెచ్చరించినట్లు కాక్‌పిట్ రికార్డులో ఉంది. కెప్టెన్ ఇంజిన్లకు పూర్తి శక్తి ఇవ్వమన్నారు. విమానం కొంత పైకి లేచింది. ఆ లేవడంలోనే దాని తోక భాగం సౌదీ విమానం ఎడమ రెక్కను తాకింది. అప్పుడు లేవకపోయి ఉంటే బహుశా కిందినుంచి దాటిపోయేదన్న అభిప్రాయం కూడా ఉంది. సమీపంలో ఎగురుతున్న అమెరికా వాయుసేన రవాణా విమానం సిబ్బందికి మేఘాల మధ్య ఎర్రని వెలుగు కనిపించింది. ఆ ప్రమాదాన్ని గాలిలో నుంచి చూసినవారు వారే.

అప్పటి ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి, తర్వాతి కాలంలో భారత ప్రధాన న్యాయమూర్తి అయిన ఆర్.సి. లాహోటీ నాయకత్వంలో విచారణ సంఘం ఏర్పాటైంది. రెండు విమానాల రికార్డర్లను మాస్కోలోనూ, ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలోనూ పరిశీలించారు. అనుమతి లేకుండా 15,000 అడుగుల కిందికి దిగడమే మూలకారణమని సంఘం తేల్చింది. సిబ్బంది ఆంగ్ల పరిజ్ఞాన లోపం, వారి నడుమ సమన్వయం లేకపోవడం, ఎత్తు మారుతున్నప్పుడు ఒకరికొకరు పైకి చెప్పుకోవలసిన మాటలు చెప్పుకోకపోవడం దానికి తోడయ్యాయని పేర్కొంది. గాలి కుదుపుల వల్ల విమానం కిందికి జారిందన్న కజకిస్తాన్ పక్షం వాదనను సంఘం అంగీకరించలేదు.

తప్పు సిబ్బందిదేనని నిర్ణయించడంలో వివాదం తక్కువ. ఒకే దారిలో ఎదురెదురు విమానాలను నడిపిన ఏర్పాటు, ఎత్తు కనిపించని రాడార్ ఆ తప్పును పట్టుకునే అవకాశాన్నే లేకుండా చేశాయన్నదీ అంతే నిజం.

చెవి చేసే మోసం

ఎత్తు అనుమతుల్లో జరిగే పొరపాట్లలో అధికభాగం ప్రమాదం దాకా వెళ్లవు. ఎవరో ఒకరు సకాలంలో గమనిస్తారు. అటువంటి సంఘటనలను పైలట్లు స్వచ్ఛందంగా తెలియజేసేందుకు అమెరికాలో 1976 నుంచి నాసా ఒక వ్యవస్థను నిర్వహిస్తోంది. అందులో చేరిన నివేదికలను విశ్లేషించినవారు, అన్నిటికన్నా తరచుగా తారుమారయ్యే ఎత్తుల జంట 10,000, 11,000 అడుగులు అని గుర్తించారు. రేడియోలో అంకెలను విడివిడిగా పలుకుతారు కాబట్టి ఈ రెండింటిలోనూ 'వన్' వినిపిస్తుంది. తేడా ఉన్నదల్లా తర్వాతి అంకెలోనే. అందుకే బ్రిటన్‌లో లెవెల్ 100ను 'వన్ జీరో జీరో' అనకుండా 'వన్ హండ్రెడ్' అని పలకడం నియమమైంది.

ఇంగ్లీషులో మరో చిక్కు ఉంది. 'కు' అనే అర్థమిచ్చే మాట, 'రెండు' అనే అంకె ఆ భాషలో ఒకేలా ధ్వనిస్తాయి. 1989 ఫిబ్రవరి 19న కౌలాలంపూర్ సమీపంలో దిగుతున్న ఒక సరుకు రవాణా బోయింగ్ 747కు 2,400 అడుగులకు దిగమని చెప్పే ఉద్దేశంతో నియంత్రణాధికారి 'టూ ఫోర్ జీరో జీరో' అన్నారు. సిబ్బందికి అది '400కు' దిగమన్నట్లు వినిపించింది. విమానం కొండను ఢీకొని నలుగురు సిబ్బందీ మరణించారు. ఆ సందర్భం దిగడానిదే అయినా, టేకాఫ్ తర్వాత ఎక్కుతున్నప్పుడు కూడా చెవి ఇదే మోసం చేస్తుంది.

ఎత్తు అనుమతిని వేరే అనుమతిగా పొరబడినందుకు అతిపెద్ద మూల్యం చెల్లించినది టెనెరిఫే. 1977 మార్చి 27న స్పెయిన్‌కు చెందిన ఆ దీవిలో దట్టమైన పొగమంచులో రన్‌వే చివర నిలిచి ఉన్న కేఎల్ఎం బోయింగ్ 747కు, టేకాఫ్ తర్వాత లెవెల్ 90కు ఎక్కి కుడివైపు తిరగాలన్న మార్గ అనుమతి వచ్చింది. అది ఎగిరాక చేయవలసిన పని గురించి మాత్రమే. ఎగరడానికి అనుమతి వేరుగా రావాలి. కేఎల్ఎం విమానం మాత్రం ఆ మాటలు అప్పజెబుతూనే పరుగు అందుకుని, రన్‌వే మీదే ఉన్న పాన్ ఆమ్ 747ను ఢీకొంది. 583 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాత 'టేకాఫ్' అన్న మాటను నిజంగా ఎగరమనేటప్పుడూ, ఆ అనుమతిని రద్దు చేసేటప్పుడూ తప్ప వాడకూడదని, మిగిలిన సందర్భాల్లో 'డిపార్చర్' అనాలని పదజాలాన్ని మార్చారు. ఈ రోజు ఏ విమానాశ్రయంలోనైనా పాటిస్తున్న నియమమది.

ముల్లు సరిగానే ఉంది, అమరిక తప్పింది

అంకె సరిగా విని, సరిగా అప్పజెప్పినా ఎత్తు తప్పే మార్గం ఒకటి ఉంది. విమానంలోని ఎత్తుమాపకం నిజానికి కొలిచేది గాలి పీడనాన్ని. నేలకు దగ్గరగా ఉన్నంతవరకు ఆ ప్రాంతపు ఆనాటి పీడనాన్ని అందులో అమర్చుకోవాలి. నిర్ణీత ఎత్తు దాటాక అన్ని విమానాలూ ఒకే కొలమానానికి, అంటే 1013.25 హెక్టోపాస్కల్‌కు మారాలి. ఈ మార్పు టేకాఫ్ తర్వాత పనుల ఒత్తిడి అధికంగా ఉన్న నిమిషాల్లోనే చేయాలి. చక్రాలు లోపలికి తీయాలి, రెక్కల ఫ్లాప్‌లు ముడవాలి, రేడియో తరంగం మార్చాలి, మలుపు తిరగాలి. ఆ హడావుడిలో ఇదొకటి మరచిపోవడం సులభం.

బంగాళాఖాతంలో తీవ్ర వాయుగుండం ఉన్న రోజున విశాఖపట్నంలో పీడనం 993 ఉందనుకుందాం. పైలట్ దాన్ని 1013కు మార్చడం మరిస్తే తేడా 20 హెక్టోపాస్కల్. ఒక్కొక్కదానికి దాదాపు 28 అడుగుల చొప్పున ఎత్తులో 550 అడుగులకు పైగా తేడా వస్తుంది. పరికరం 14,000 చూపుతుంటే, విమానం ఇతర విమానాల లెక్కలో 14,500 దాటి ఉంటుంది. పైలట్ మాత్రం తాను అనుమతించిన ఎత్తులోనే ఉన్నానని నమ్ముతుంటాడు.

మారిన నిబంధనలు, మిగిలిన చిక్కులు

దాద్రీ ప్రమాదం తర్వాత ఢిల్లీలో వచ్చే విమానాలకు, పోయే విమానాలకు వేరువేరు దారులు ఏర్పడ్డాయి. ఎత్తును చూపే రాడార్ వినియోగంలోకి వచ్చింది. భారత గగనతలంలో ఎగిరే ప్రయాణిక విమానాలకు, ఎదుటి విమానం దగ్గరైతే 'ఎక్కు' లేదా 'దిగు' అని పైలట్‌ను నేరుగా హెచ్చరించే ఢీ నివారణ వ్యవస్థను పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ తప్పనిసరి చేసింది. పైలట్లకు, నియంత్రణాధికారులకు కనీస ఆంగ్ల ప్రావీణ్యం ఉండాలన్న అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధన 2008 మార్చిలో అమల్లోకి రావడానికి వెనుక ఉన్న ప్రమాదాల్లో దాద్రీ ఒకటి. రష్యా సహా సోవియట్ వారసత్వ దేశాలు కొన్ని 2011లో పై ఎత్తుల్లో మీటర్లను విడిచి అడుగుల లెక్కకు మారాయి. చైనా ఇప్పటికీ మీటర్లనే వాడుతోంది.

ఢీ నివారణ పరికరం వచ్చినంత మాత్రాన సమస్య తీరలేదు. 2002 జూలై 1న జర్మనీలోని ఊబర్లింగన్ మీద రెండు విమానాలు ఒకే ఎత్తులో ఎదురుపడ్డాయి. పరికరం ఒకదాన్ని దిగమంది, రెండోదాన్ని ఎక్కమంది. ఎక్కవలసిన రష్యా విమానానికి అదే సమయంలో నియంత్రణాధికారి దిగమని చెప్పారు. సిబ్బంది ఆయన మాట విన్నారు. రెండూ దిగుతూ ఢీకొన్నాయి. 71 మంది మరణించారు, వారిలో ఎక్కువమంది విహారయాత్రకు వెళుతున్న పిల్లలు. పరికరానికీ, నేల నుంచి వచ్చే మాటకూ పొంతన కుదరనప్పుడు పరికరాన్నే పాటించాలన్న నియమం ఆ తర్వాత స్పష్టమైంది.

అనుమతించిన ఎత్తుకు చివరి 1,000 అడుగుల్లో ఎక్కే వేగాన్ని నిమిషానికి 1,500 అడుగుల లోపు తగ్గించుకోవాలన్న సూచన కూడా ఈ పరికరంతో ముడిపడినదే. వేగంగా దూసుకువచ్చే విమానం తన హద్దు దగ్గర ఆగుతుందో లేదో పరికరానికి తెలియదు. అది వేగాన్ని మాత్రమే చూస్తుంది. అనవసరంగా అలారం మోగిస్తుంది. అలారం విన్న పైన ఉన్న విమానం తన ఎత్తు విడిచి, మరొకరి ఎత్తులోకి వెళుతుంది.

అనుమతి మాటను మాటగా కాక రాతగా పంపడం మరో మార్గం. దేశంలోని పెద్ద విమానాశ్రయాల్లో బయల్దేరే విమానాలకు తొలి అనుమతిని డేటా సందేశంగా కాక్‌పిట్ తెరపైకే పంపే సౌకర్యం ఉంది. చెవి చేసే మోసం దీనితో చాలావరకు తగ్గుతుంది. అయితే గాలిలోకి లేచాక మెట్లుమెట్లుగా ఇచ్చే ఎత్తులన్నీ ఇంకా నోటి మాటతోనే సాగుతున్నాయి. బ్రిటన్ వంటి చోట్ల రాడార్ తెర మీద విమానం ఉన్న ఎత్తుతో పాటు పైలట్ ఆటోపైలట్‌లో పెట్టుకున్న ఎత్తు కూడా అధికారికి కనిపిస్తుంది. 6,000 అని చెబితే పైలట్ 16,000 పెట్టుకున్న సంగతి, విమానం ఆ హద్దు దాటకముందే తెలిసిపోతుంది. ఇంతవరకు వచ్చిన సాంకేతిక మార్పుల్లో బహుశా అతి తక్కువ ప్రచారానికి నోచుకున్నదీ, అతి ఎక్కువ ఉపయోగపడుతున్నదీ ఇదే.

సాంకేతికత ఎంత పెరిగినా బయల్దేరే నిమిషాలు మనుషుల సమన్వయం మీదే నిలుస్తాయని 2022 జనవరి 7న బెంగళూరులో తెలిసింది. ఆ ఉదయం రెండు సమాంతర రన్‌వేల నుంచి కోల్‌కతాకు, భువనేశ్వర్‌కు వెళ్లే రెండు ప్రయాణిక విమానాలు దాదాపు ఒకేసారి, ఒకే దిశలో గాలిలోకి లేచాయి. ఒకే రన్‌వే వాడాలన్న నిర్ణయం దక్షిణ రన్‌వే టవర్‌లోని నియంత్రణాధికారికి అందలేదు. పైలట్లిద్దరూ తమకిచ్చిన అనుమతినే పాటించారు. 3,000 అడుగుల ఎత్తు దగ్గర ఆ రెండూ దగ్గరవుతున్న సంగతి గమనించిన రాడార్ నియంత్రణాధికారి వెంటనే వాటిని చెరో వైపు మళ్లించారు. రెండు విమానాల్లో కలిపి 400 మందికి పైగా ఉన్నారు. కిటికీ పక్కన కూర్చున్నవారికి అది మామూలు మలుపులాగే కనిపించి ఉంటుంది.